టీఎఫ్ఎస్ఏలో వడ్డీ ఎలా లెక్కిస్తారు? 7,000 వేస్తే నెలాఖరుకు 10.93 డాలర్లే పడింది

కొత్తకెనడా

అందరికీ నమస్తే. మేము 2023 మార్చిలో కెనడాలోని మిస్సిసాగా వచ్చాం. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. ఈ ఏడాది, అంటే 2025 జూన్ 12న నా పేరు మీద టీఎఫ్ఎస్ఏ (ట్యాక్స్ ఫ్రీ సేవింగ్స్ అకౌంట్, పన్ను లేని పొదుపు ఖాతా) తెరిచి 7,000 డాలర్లు వేశాను. బ్యాంకు వాళ్ళు 3 శాతం వడ్డీ అన్నారు. జూన్ నెలాఖరుకు 10.93, జులైలో 17.86 పడింది. 7,000కి 3 శాతమంటే 210 కదా, మరి ఈ పదీ పదిహేడూ ఏమిటి? ఏమైనా ఫీజు కోస్తున్నారా?

ఇంకోటి, అసలు టెన్షన్ అదే. మా ఆయన వేరే సంస్థలో టీఎఫ్ఎస్ఏ తెరిచి మేలో 5,000 వేశారు. అందులో ఇప్పటిదాకా ఒక్క సెంటు కూడా వడ్డీ పడలేదు. రెండూ టీఎఫ్ఎస్ఏలే కదా! ఒకదానిలో వడ్డీ వచ్చి ఇంకోదానిలో రాకపోవడమేంటి? ఇండియాలో మా నాన్నగారికి పీపీఎఫ్ ఉండేది, ఏ బ్యాంకులో ఉన్నా వడ్డీ ఒకటే. ఇదీ అలాగే అనుకున్నాం. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

లెక్కలపుస్తకం

అమ్మా, మీ ఖాతాలో పడ్డ వడ్డీ సెంటుతో సహా సరిగ్గా ఉంది. ఎవరూ ఏమీ కోయలేదు.

3 శాతం అనేది ఏడాది మొత్తానికి. సేవింగ్స్ ఖాతాలో ఏ రోజు వడ్డీ ఆ రోజే లెక్కిస్తారు, నెలకోసారి జమ చేస్తారు. 7,000 × 0.03 అంటే 210. దాన్ని 365తో భాగిస్తే రోజుకు 57 సెంట్ల పైచిలుకు. జూన్ 12 నుంచి 30 దాకా, వేసిన రోజుతో కలిపి, 19 రోజులు. 57.53 సెంట్లు × 19 = 10.93.

జులైలో 31 రోజులు. పైగా జూన్‌లో పడ్డ 10.93 కూడా అసలులో కలిసింది కాబట్టి లెక్క 7,010.93 మీద నడుస్తుంది, 17.86 వస్తుంది. వడ్డీ కలవకపోతే 17.84 వచ్చేది. తేడా రెండు సెంట్లే, కానీ వడ్డీ మీద వడ్డీ మొదలయ్యేది అక్కడే. ఇదే రేటు ఏడాదంతా ఉండి, మీరు డబ్బు కదపకపోతే పన్నెండు నెలలకు 210 కాదు, 213 దగ్గరకు వస్తుంది.

మీవారి ఖాతా సంగతి వేరు. స్టేట్‌మెంట్‌లో ఆ 5,000 ఎదురుగా ఏమని రాసి ఉందో చూసి చెప్పండి.

ఎడ్మంటన్_రైతుబిడ్డ

నాదీ అదే అనుమానం. అది ట్రేడింగ్ టీఎఫ్ఎస్ఏ అయ్యుంటుంది. డబ్బు వేసి ఏమీ కొనకుండా వదిలేసి ఉంటారు.

కొత్తకెనడా

చూశాను. "క్యాష్ 5,000.00" అని ఉంది, పైన "సెల్ఫ్ డైరెక్టెడ్" అని. ఆయన్ని అడిగితే "టీఎఫ్ఎస్ఏలో వేశాను, ప్రభుత్వం వడ్డీ ఇస్తుంది కదా" అంటున్నారు.

లెక్కలపుస్తకం

అనుకున్నదే అయింది. సెల్ఫ్ డైరెక్టెడ్ అంటే లోపల ఏం కొనాలో మనమే చూసుకోవాల్సిన ఖాతా. ఇండియా నుంచి వచ్చిన మనవాళ్ళలో చాలామంది ఇక్కడే పొరబడతారు. పీపీఎఫ్ నుంచి వచ్చిన అలవాటది.

పీపీఎఫ్‌లో వడ్డీ రేటు కేంద్ర ప్రభుత్వం ప్రకటిస్తుంది, దేశమంతా ఒకటే. లెక్క కట్టే పద్ధతీ ఒకటే: నెలలో 5వ తేదీ ముగిసినప్పటి నుంచి నెలాఖరు వరకు ఉన్న కనిష్ఠ నిల్వ మీద. అందుకే 5వ తేదీ లోపల కట్టమని పెద్దవాళ్ళు తొందరపెట్టేవాళ్ళు. టీఎఫ్ఎస్ఏకి కెనడా ప్రభుత్వం రేటేమీ ప్రకటించదు, ఒక్క సెంటు కూడా ఇవ్వదు. ప్రభుత్వం ఇచ్చేది ఒక్కటే, ఆ ఖాతాలో వచ్చిన ఆదాయం మీద పన్ను వేయనని మాట.

టీఎఫ్ఎస్ఏ గొడుగులాంటిది. పన్ను అనే వాన మన మీద పడకుండా ఆపుతుంది, అంతే. ఆ కింద సేవింగ్స్ పెడితే దానికి తగ్గ వడ్డీ, జీఐసీ (గడువు డిపాజిట్) పెడితే జీఐసీ వడ్డీ, షేర్లు పెడితే లాభమో నష్టమో. ఏమీ పెట్టకుండా క్యాష్‌గా ఉంచితే చాలా బ్రోకరేజీల్లో వచ్చేది సున్నా.

కాబట్టి అడగాల్సింది "టీఎఫ్ఎస్ఏకి వడ్డీ ఎంత" అని కాదు. "నా టీఎఫ్ఎస్ఏలో ఏముంది, దానికి ఎంత వస్తుంది" అని. మీవారి డబ్బు ఎక్కడికీ పోలేదు, భద్రంగా ఉంది. ఖాళీగా కూర్చుందంతే.

బ్రాంప్టన్_బాబాయ్

జీఐసీ మాట వచ్చింది కాబట్టి నాకు తెలిసింది చెబుతాను, ఇందులో జనం చూసుకోని విషయాలు రెండున్నాయి.

జీఐసీ అంటే మన ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిదే. రేటు ముందే ఖాయం. కానీ గడువు లోపల తీసుకోనిచ్చే రకానికి ఒక రేటు, మధ్యలో తీయనివ్వని రకానికి మరో రేటు ఉంటాయి. రెండోదానికి రేటు ఎక్కువ. దరఖాస్తులో "నాన్ రిడీమబుల్" అని ఉంటే ఆ డబ్బును గడువు దాకా మర్చిపోవాలి.

రెండోది, ఒక సంవత్సరం దాటిన జీఐసీకి వడ్డీ ఏడాదికోసారి బయటకు ఇస్తారా, అసలులో కలుపుతారా అన్నది అడగండి. 10,000 డాలర్లు 4 శాతానికి ఐదేళ్ళు పెట్టారనుకుందాం. సాధారణ వడ్డీ అయితే మొత్తం 2,000. ఏటా అసలులో కలిపితే 2,166.53. బోర్డు మీద రెండింటికీ 4 శాతమనే రాసి ఉంటుంది. 166 డాలర్లు అంటే చిన్న మొత్తం కాదు, అడగడానికి మొహమాటపడకండి.

చలిమంట

నా సేవింగ్స్ టీఎఫ్ఎస్ఏలో మొదట బాగానే వచ్చేది, తర్వాత సగానికి పైగా పడిపోయింది. నాకు చెప్పకుండా రేటు తగ్గించేశారు. ఇది న్యాయమేనా?

లెక్కలపుస్తకం

రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి ప్రోమో రేటు. కొత్తగా చేరినవాళ్ళకు కొన్ని నెలలు ఎక్కువ ఇచ్చి, గడువవగానే మామూలు రేటుకు దించుతారు. ఖాతా తెరిచిన రోజు వచ్చిన కాగితాల్లో ఆ తేదీ ఉంటుంది. వెతకండి.

రెండోది దేశం మొత్తానికి వర్తించేది. బ్యాంక్ ఆఫ్ కెనడా కీలక రేటు 2023 జులైలో 5 శాతానికి చేరింది. 2024 జూన్ నుంచి తగ్గించడం మొదలుపెట్టి 2025 అక్టోబరుకు 2.25కి దించారు. సేవింగ్స్ రేట్లు దాని వెనకే నడుస్తాయి. సేవింగ్స్ రేటును బ్యాంకు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. జీఐసీ రేటు మాత్రం గడువు దాకా కదలదు. 2023లో ఐదేళ్ళ జీఐసీ తీసుకున్నవాళ్ళు ఇప్పుడు నిశ్చింతగా ఉన్నారు.

ఇండెక్స్_ఇష్టుడు

నా మాట కాస్త గట్టిగా అనిపించొచ్చు, అయినా చెప్పాల్సిందే. టీఎఫ్ఎస్ఏ రూమ్‌ను, అంటే అందులో డబ్బు వేయడానికి మనకున్న పరిమితిని, 3 శాతం వడ్డీకి వాడటం వృథా. ఆ రూమ్ ఏడాదికి 7,000 మాత్రమే. 2009లో 5,000తో మొదలైంది, 2015లో ఒక్క ఏడాది 10,000 ఇచ్చారు, ఇప్పుడు 7,000. 2009 నాటికే 18 ఏళ్ళు నిండి, అప్పటి నుంచి ఇక్కడే ఉన్నవాళ్ళకైనా 2025తో కలిపి మొత్తం 1,02,000 డాలర్లే. ఇంత విలువైన చోట దీర్ఘకాలంలో ఎక్కువ పెరిగేది పెట్టాలి. నేను మొత్తం ఈటీఎఫ్‌లలో (చాలా కంపెనీల షేర్లు కలిపి ఉండే ఫండ్లు) పెట్టాను. ఇరవై ఏళ్ళ తర్వాత పెరిగినదంతా పన్ను లేకుండా నాదే.

హ్యాలిఫాక్స్_నర్స్

అన్నా, ఇరవై ఏళ్ళు ముట్టుకోని డబ్బయితే మీ మాటే సరి. కానీ వీళ్ళు వచ్చి రెండున్నరేళ్ళే. ఉద్యోగం పోతే ఆరు నెలల అద్దె ఎక్కడి నుంచి వస్తుంది? అత్యవసర నిధి అన్నదానికి ఎప్పుడు తీసినా తగ్గకుండా ఉండటమే ముఖ్యం.

మీరు చెప్పనిది ఇంకోటుంది. టీఎఫ్ఎస్ఏలో నష్టం వస్తే ఆ రూమ్ కూడా పోతుంది. 7,000 పెట్టి షేర్లు కొన్నారు, 3,000కు పడింది, భయపడి అమ్మి బయటకు తీశారు. వచ్చే జనవరిలో తిరిగి వచ్చే రూమ్ 3,000 మాత్రమే. పోయిన 4,000 రూమ్ మళ్ళీ రాదు. మామూలు ఖాతాలో అయితే ఆ నష్టాన్ని వేరే షేర్ల లాభంలో సర్దుకోవచ్చు, ఇక్కడ అదీ కుదరదు. మా వార్డులో ఒకమ్మాయికి ఇలాగే జరిగింది. ఒకే కంపెనీ షేర్లలో అంతా పెట్టింది పాపం.

ఇండెక్స్_ఇష్టుడు

ఒకే కంపెనీలో పెట్టమని నేను చెప్పను. అత్యవసర నిధి విషయంలో మీతో ఏకీభవిస్తాను. అది నిండాక మిగిలిన రూమ్ గురించే నా మాట.

కొత్తకెనడా

చాలా విషయాలు తెలిశాయి, అందరికీ ధన్యవాదాలు. ఇప్పుడు రెండు ప్రశ్నలు. వడ్డీగా వచ్చింది కూడా నా 7,000 లిమిట్‌లోకి వస్తుందా? ఇంకో బ్యాంకులో రేటు బాగుంది, అందుకని రేపు ఇక్కడ మొత్తం తీసేసి అక్కడ కొత్త టీఎఫ్ఎస్ఏలో వేద్దామనుకుంటున్నాను. పర్లేదా?

లెక్కలపుస్తకం

అమ్మా, రేపు ఆ పని చేయకండి. ముందు ఇది చదవండి.

వడ్డీ లిమిట్‌లోకి రాదు. బయటి నుంచి మీరు వేసిందే లెక్క. లోపల పెరిగింది ఎంతైనా రూమ్‌ను తినదు.

కానీ డబ్బు బయటకు తీస్తే, ఆ మేరకు రూమ్ మళ్ళీ వచ్చేది వచ్చే జనవరి 1న. అదే సంవత్సరంలో తిరిగి వేస్తే కొత్తగా వేసినట్టే. మిగులు రూమ్ లేకపోతే, అదనంగా ఉన్న మొత్తం మీద నెలకు 1 శాతం పన్ను. ఏడాదికి కాదు, నెలకు!

లెక్క చూడండి. రూమ్ మొత్తం నిండిన ఒకాయన జూన్‌లో 5,000 తీసి, సెప్టెంబరులో తిరిగి వేశారనుకుందాం. సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు, డిసెంబరు: నెలకు 50 చొప్పున 200 డాలర్ల పన్ను. ఆ నాలుగు నెలల్లో 3 శాతం మీద ఆ 5,000కి వచ్చే వడ్డీ 50 డాలర్లు. సంపాదించింది 50, కట్టాల్సింది 200. సీఆర్ఏ (కెనడా పన్నుల శాఖ) ఉత్తరం చాలా నెలల తర్వాత వస్తుంది, అప్పటికి మనం ఆ సంగతే మర్చిపోయి ఉంటాం.

బ్యాంకు మారాలంటే దారి ఉంది. కొత్త బ్యాంకుకు వెళ్ళి "డైరెక్ట్ ట్రాన్స్‌ఫర్" ఫారం అడగండి. వాళ్ళే పాత బ్యాంకు నుంచి తెప్పించుకుంటారు. డబ్బు మీ చేతికి రాదు కాబట్టి రూమ్ కదలదు. పాత సంస్థ ట్రాన్స్‌ఫర్ ఫీజు వసూలు చేయొచ్చు, కొన్నిసార్లు కొత్త బ్యాంకు దాన్ని తిరిగి ఇస్తుంది. ముందే అడగండి. 7,000 మీద అర శాతం ఎక్కువంటే ఏడాదికి 35 డాలర్లు. ఫీజు అంతకన్నా ఎక్కువైతే మారడం దండగ.

బ్రాంప్టన్_బాబాయ్

లిమిట్ 7,000 అనుకుంటున్నావు కానీ నీది అంతకన్నా ఎక్కువేనమ్మా. పన్ను లెక్కలో కెనడా నివాసి అయిన ఏడాది నుంచి రూమ్ పెరుగుతుంది, ఖాతా తెరిచిన రోజు నుంచి కాదు. మధ్యలో వచ్చినా ఆ ఏడాది లిమిట్ మొత్తం వస్తుంది. 2023కి 6,500, 2024కి 7,000, 2025కి 7,000. అంటే నీకు 20,500. మీ ఆయనకు విడిగా ఇంకో 20,500.

అయితే సీఆర్ఏ మై అకౌంట్‌లో కనిపించే అంకెను కళ్ళు మూసుకుని నమ్మొద్దు. బ్యాంకులు గతేడాది వివరాలు పంపడానికి ఫిబ్రవరి చివరి దాకా గడువు ఉంటుంది, అంతవరకు అక్కడ ఉండేది పాత లెక్కే. ఈ ఏడాది వేసింది అందులో ఉండదు. ఇంకో మాట, మొదటి టాక్స్ రిటర్న్‌లో కెనడా వచ్చిన తేదీ సరిగా రాశారో లేదో చూసుకోండి. ఆ తేదీ తప్పయితే రూమ్ లెక్కా తప్పుతుంది. ఎప్పుడు ఎంత వేశాం, ఎంత తీశాం అని మన పుస్తకంలో మనం రాసుకోవడమే మేలు.

ఎడ్మంటన్_రైతుబిడ్డ

3 శాతానికి ఇంత హడావుడి ఎందుకు, మామూలు సేవింగ్స్‌లో వేసుకుంటే పోలా అని మా తమ్ముడు అడిగేవాడు. వాడికి చెప్పిందే ఇక్కడా చెబుతాను.

మామూలు ఖాతాలో వడ్డీ మొత్తం జీతంతో పాటు ఆదాయంలో కలుస్తుంది. పై డాలర్ మీద ముప్పై శాతం పన్ను కట్టేవాడికి 4 శాతం వడ్డీ చేతికొచ్చేసరికి 2.8 అవుతుంది. 50 డాలర్లు, ఆపైన వస్తే బ్యాంకు టీ5 (వడ్డీ ఎంత వచ్చిందో చూపే పన్ను స్లిప్) పంపుతుంది, అంతకన్నా తక్కువైనా రిటర్న్‌లో చూపాల్సిందే. బయట పెట్టిన మూడేళ్ళ జీఐసీ అయితే వడ్డీ చేతికి రాకముందే ఏటా పన్ను కట్టాలి.

పిల్లలున్నవాళ్ళకు ఇంకో లాభం. చైల్డ్ బెనిఫిట్‌ను (పిల్లల కోసం ప్రభుత్వం ఇచ్చే డబ్బు) కుటుంబ నికర ఆదాయాన్ని బట్టి లెక్కిస్తారు. టీఎఫ్ఎస్ఏ వడ్డీ ఆ ఆదాయంలోకి రాదు, కాబట్టి దానివల్ల పిల్లల డబ్బు తగ్గదు. ముగ్గురు పిల్లలతో ఒక్క జీతం మీద నడిచే ఇంట్లో ఇది బాగా తెలుస్తుంది.

కొత్తకెనడా

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. నిన్న మా ఆయన వాళ్ళ సంస్థకు ఫోన్ చేశారు. ఆ ఖాతాలోనే జీఐసీ కొనొచ్చట, డబ్బు బయటకు తీయనక్కర్లేదట. 3,000కి ఏడాది జీఐసీ తీసుకున్నారు. 2,000 మాత్రం డైరెక్ట్ ట్రాన్స్‌ఫర్‌తో ఆయన పేరు మీదే ఉండే సేవింగ్స్ టీఎఫ్ఎస్ఏకి పంపిస్తున్నాం, ఎప్పుడైనా అవసరం పడొచ్చని. నా ఖాతా ఉన్నచోటే ఉంచుతున్నాను.

జనవరిలో కారు కోసం కొంత తీయాల్సి రావచ్చు. అప్పుడు కూడా రూమ్ ఏడాది ఆగాలా?

లెక్కలపుస్తకం

జనవరిలో తీస్తే రూమ్ తిరిగొచ్చేది ఆపై ఏడాది జనవరిలో. కారు ఖాయమైతే డిసెంబరు చివరి వారానికి ముందే తీసి మామూలు ఖాతాలో పెట్టుకోండి. జనవరి 1కే రూమ్ తిరిగొస్తుంది. తీసిన మొత్తంలో వడ్డీ ఉంటే అది కూడా రూమ్‌గానే వస్తుంది. 7,000 వేసి, 7,100 అయ్యాక మొత్తం తీస్తే 7,100 రూమ్ వస్తుంది.

తిరుగుప్రయాణం

మేము ఇంకో రెండేళ్ళలో హైదరాబాద్ వెళ్ళిపోదామనుకుంటున్నాం. టీఎఫ్ఎస్ఏ మూసేయాలా? అక్కడ కూడా పన్ను ఉండదా?

బ్రాంప్టన్_బాబాయ్

మూయాల్సిన పనిలేదు. నివాసం మారాక కూడా ఖాతా ఉంచుకోవచ్చు, లోపలి వడ్డీ మీద కెనడా పన్ను వేయదు. కానీ కొత్త రూమ్ రాదు. నాన్ రెసిడెంట్‌గా ఉండి డబ్బు వేస్తే దానికీ నెలకు 1 శాతం పన్ను. వెళ్ళేముందే ఆటోమేటిక్ డిపాజిట్ ఆపేయండి, చాలామంది అది మర్చిపోతారు.

ఇండియా విషయం జాగ్రత్త. అక్కడ పూర్తి స్థాయి నివాసి అయ్యాక ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా లెక్కలోకి వస్తుంది. టీఎఫ్ఎస్ఏకి కెనడా ఇచ్చిన మినహాయింపు కెనడాకే పరిమితం. విదేశీ ఖాతా ఉన్నట్టు రిటర్న్‌లో చూపించాలి కూడా. రెండు దేశాల లెక్కలూ తెలిసిన సీఏను వెళ్ళేముందు ఒకసారి కలవండి. ఇంట్లో ఎవరైనా అమెరికా పౌరులుంటే వాళ్ళకు కూడా ఇదే సమస్య, అమెరికా టీఎఫ్ఎస్ఏ ఆదాయం మీద పన్ను వేస్తుంది.

చలిమంట

బ్యాంకు మునిగితే ఈ డబ్బు సంగతి?

ఎడ్మంటన్_రైతుబిడ్డ

సీడీఐసీ (కెనడాలో డిపాజిట్లకు బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ) సభ్య బ్యాంకుల్లో టీఎఫ్ఎస్ఏలోని సేవింగ్స్, జీఐసీలకు విడిగా లక్ష డాలర్ల వరకు బీమా ఉంటుంది. మీ మామూలు ఖాతాలకు ఉన్న లక్షతో సంబంధం లేదు. షేర్లు, ఈటీఎఫ్‌లకు ఈ బీమా వర్తించదు. క్రెడిట్ యూనియన్లకు ఆయా ప్రావిన్సుల బీమా సంస్థలు ఉంటాయి.

హ్యాలిఫాక్స్_నర్స్

కొత్తకెనడా గారూ, ఇద్దరికీ ఖాతాలున్నాయి కాబట్టి ఒకటి అడుగుతాను. టీఎఫ్ఎస్ఏ జాయింట్‌గా ఉండదు. మరి ఖాతా తెరిచినప్పుడు ఒకరి పేరు ఒకరు రాశారా? రాస్తే "బెనిఫిషియరీ" అనా, "సక్సెసర్ హోల్డర్" అనా?

కొత్తకెనడా

నామినీ లాంటిదే కదా, ఏదో ఒకటి టిక్ పెట్టాం. రెంటికీ తేడా ఉందా?

హ్యాలిఫాక్స్_నర్స్

చాలా ఉంది. భార్యాభర్తలైతే సక్సెసర్ హోల్డర్ అని పెట్టుకోవాలి. ఒకరికి ఏమైనా అయితే ఖాతా ఉన్నది ఉన్నట్టు రెండోవారి పేరు మీదకు మారుతుంది, వడ్డీ పన్ను లేకుండా అలాగే నడుస్తుంది, వాళ్ళ సొంత రూమ్ తగ్గదు. బెనిఫిషియరీ అని ఉంటే ఆ ఖాతా అక్కడితో ఆగిపోతుంది. చనిపోయిన రోజు తర్వాత పెరిగిన దాని మీద పన్ను పడుతుంది. డబ్బును తమ టీఎఫ్ఎస్ఏలోకి మార్చుకోవాలంటే మిగిలినవారు గడువులోపు విడిగా ఫారాలు నింపాలి. అంత దుఃఖంలో ఫారాల వెంట తిరగడం నేను ఆసుపత్రిలో కళ్ళారా చూశాను, అందుకే ఇంత చెబుతున్నాను. క్యూబెక్‌లో మాత్రం ఈ పద్ధతి లేదు, అక్కడ వీలునామాలో రాయాలి. మీరు ఒంటారియోలో ఉన్నారు కాబట్టి ఒక ఫారంతో అయిపోతుంది.

కొత్తకెనడా

ఇప్పుడే పాత కాగితాలు తీసి చూశాను. నా ఖాతాకు బెనిఫిషియరీ అని ఉంది, ఆయన ఖాతాకు అసలు ఎవరి పేరూ లేదు. సోమవారం ఇద్దరం వెళ్ళి మార్పించుకుంటాం అక్కా.